బొట్టు పెట్టిన బండ్లు

కొండాపూర్‌లో ఇళ్లు నెలాఖరులో ఖాళీ అవుతాయి. ఉద్యోగం మారినవాళ్లు, ఉద్యోగం పోయినవాళ్లు, పెళ్లయినవాళ్లు, విడిపోయినవాళ్లు, అందరూ కిరాయి తేదీ చూసుకునే కదులుతారు. కదిలేటప్పుడు మనిషికి తన సామానంతా బరువుగానే కనిపిస్తుంది. మొన్నటిదాకా ముద్దుగా తుడుచుకున్న సోఫాని ఎవరైనా వచ్చి పట్టుకుపోతే చాలనుకుంటాడు. ఆ పట్టుకుపోయేదాన్ని నేను.

కొండాపూర్ పాత ఊళ్లో మా ఇంటి కిందనే నా దుకాణం. మంచాలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు, ఆఫీసు కుర్చీలు, పిల్లల సైకిళ్లు కొంటాను, అమ్ముతాను. ఫ్లాట్‌లోకి వెళ్లగానే నేను సామాను చూడను. మనిషికి ఎంత తొందరుందో చూస్తాను. ధర అక్కడే తేలిపోతుంది. ఇందులో మోసం లేదు. వాళ్లకు ఖాళీ ఇల్లు కావాలి, నాకు సామాను కావాలి, ఇద్దరిలో ఎవరు ఆగగలరన్నదే బేరం.

మా ఆయన సాయిలు బండి నడిపేవాడు. హైటెక్ సిటీలో ఇన్ని అద్దాల బిల్డింగులు లేవకముందు నుంచి కంపెనీ పిల్లల్ని ఇంటి నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి ఇంటికి చేర్చడమే ఆయన పని. షుగర్ వచ్చి ఎడమ కంటికి పక్క చూపు పోయింది. కొత్తగూడ దగ్గర ఒక బైకు పక్కనుంచి వచ్చింది కనపడలేదు, కొంచెంలో తప్పింది. ఆ సాయంత్రమే తాళాలు తెచ్చి నా ముందు పెట్టి, ఇంక నడపనన్నాడు. మంచి రేటుకే బండి అమ్మాను.

ఆయన సంపాదన ఆగిపోవడాన్ని నేను నష్టం కింద వేసుకోలేదు. దుకాణం నడుస్తోంది, ఇల్లు సొంతం. నష్టం వేరేచోట మొదలైంది. మొదట్లో షిఫ్టు వేళకి లేచి, స్నానం చేసి, షూ వేసుకుని కుర్చీలో కూర్చునేవాడు. తర్వాత షూ మానేశాడు. ఆ తర్వాత స్నానం కూడా నేను గట్టిగా చెబితేనే. మాత్రలు చేతికిస్తే దిండు కింద పెట్టేవాడు. దుకాణంలో కూర్చోబెట్టాను. ఎవరు ఏమడిగినా "ఆమెనడుగు" అని గోడకేసి చూసేవాడు. దవాఖానకి తీసుకుపోతే షుగర్ పెరిగిందని, ఏదో ఒక పనిలో పెట్టమని చెప్పారు. ఫీజు కట్టి, నాకు తెలిసిన మాటే విని వచ్చాను.

అప్పుడే ఒక ఫ్లాట్ నుంచి మంచం, బీరువాలతో పాటు ఒక అట్టపెట్టె నిండా పిల్లల బొమ్మలు కొసరుగా వచ్చాయి. బొమ్మల్ని మేము విడిగా అమ్మం, కుప్పగా అమ్ముతాం. విరిగినవి ఏరి పక్కన పడెయ్యమని ఆ పెట్టె ఆయన ముందు పెట్టాను. సాయంత్రానికి చూస్తే ఏరిన కుప్ప ఎక్కడిదక్కడే ఉంది. ఆయన చేతిలో మాత్రం బెత్తెడు తెల్ల వ్యాను ఉంది. పక్క తలుపు జారుతుంది దానికి. పాత పళ్ల బ్రష్షుతో చక్రాల సందులు తోముతున్నాడు.

"గిసొంటిదే మొదటి బండి నాది," అన్నాడు. ఎన్నో రోజుల తర్వాత అడగకుండా ఆయన నోటి నుంచి వచ్చిన మాట అది.

ఆ వ్యాను అమ్మలేదు. తర్వాతి పెట్టెలో ఒక జీపు దొరికింది, అది కూడా అమ్మలేదు. మొదట తాను నడిపిన బండ్లే దాచాడు. తర్వాత రోడ్డు మీద తన ముందు నడిచినవి, తనని సతాయించినవి: నీళ్ల ట్యాంకర్లు, కాంక్రీటు కలుపుకుంటూ పోయే లారీలు, చెత్త ఆటోలు. అమ్ముడుపోని పుస్తకాల షెల్ఫు ఒకటి ఉంటే అందులో పెట్టుకుంటానన్నాడు. కంపెనీల్లో బండి మూతి బయటికి పెట్టే నిలపాలని రూలు. మా షెల్ఫులో కూడా బొమ్మలన్నీ వెనక్కి తీసి, మూతి బయటికి పెట్టే నిలబడ్డాయి.

ఇంట్లో ఉన్నవి అయిపోయాక వెతకడం మొదలైంది. ఆదివారం బస్సెక్కి ఎర్రగడ్డ అంగడికి పోయేవాడు, మిగతా రోజుల్లో లింగంపల్లి స్టేషన్ బయట పాత సామాను పరుచుకునేవాళ్ల దగ్గరికి. ఒక భూతద్దం కొనుక్కున్నాడు. టిఫిన్‌తో పాటు మాత్ర తనే వేసుకునేవాడు, లేకపోతే అంగట్లో కళ్లు తిరుగుతున్నాయట. గల్లీలో మంగలి షాపాయన రోజూ అడిగేవాడు, "సాయిలన్నా, ఇయ్యాల ఏ షిఫ్టు?" అని. మా ఆయన ఆగకుండానే, "ఇయ్యాల పార్కింగే," అనేవాడు.

ఆ షెల్ఫు ఉన్నచోట ఒక పెద్ద ఫ్రిజ్ పడుతుంది. దుకాణంలో చోటు అంటే డబ్బే. అయినా దాన్ని నేను దవాఖాన ఖర్చు కింద వేసుకుని ఊరుకున్నాను. ఆ ఖర్చులో ఇంత గుణం నేనెక్కడా చూడలేదు.

కామేశ్వరరావు గారి ఫ్లాట్‌కి నన్ను పిలిచింది వానలు తగ్గే రోజుల్లో. రాజమండ్రి వైపు మనిషి, ఏదో కంపెనీలో పెద్ద ఉద్యోగం. పుణెకి మారుతున్నాడు. భార్య ముందే వెళ్లి అక్కడ చిన్న ఇల్లు తీసుకుంది. సామాను బేరం త్వరగానే తెమిలింది. చివర్లో ఆయన పడకగదిలో అల్మారా తలుపు తెరిచాడు. బట్టలు లేవు. అడుగు నుంచి పైదాకా బొమ్మ కార్లు. ఒక్కొక్కటి ఒక్కో అట్టకి అతికించిన ప్లాస్టిక్ బుడగలో, కంపెనీ నుంచి వచ్చింది వచ్చినట్టే ఉన్నాయి.

నేను కుప్ప ధర చెప్పాను. ఆయన నవ్వాడు. ఒక్క కారు చూపించి దాని ధర చెప్పాడు. ఆ డబ్బుకి నేను మంచి మంచం కొంటాను.

"ఇవి మీరు కొనేవి కాదులెండి భూలక్ష్మి గారూ. మా ఆవిడ అక్కడికి తేవద్దంది. కొనేవాళ్లని నేనే చూస్తాను. అప్పటిదాకా మీ దగ్గర ఉంచండి. అమ్ముడయ్యాక మీ వాటా మీరు తీసుకోండి," అన్నాడు.

నా పెట్టుబడి లేదు, చోటు మాత్రం పోతుంది. పైగా ఇంట్లో బొమ్మ బండ్లని కంటికి రెప్పలా చూసుకునే మనిషి ఉన్నాడు. ఒప్పుకున్నాను. ఆయన స్వయంగా వచ్చి పెట్టెలు దింపించి మా ఆయనకి జాగ్రత్తలు చెప్పాడు. ఎండ తగలకూడదు. తడి ఉండకూడదు. అట్ట మూలలు వంగకూడదు. మీద బరువు పెట్టకూడదు. మా ఆయన ప్రతిదానికీ తలూపాడు. విప్పకూడదని మాత్రం ఆయన చెప్పలేదు. అన్నం కింద పోయొద్దని ఎవరైనా ఇంటికొచ్చిన చుట్టానికి చెబుతారా, అంత తెలిసిన సంగతి అది ఆయనకి.

మా ఆయన మాట నిలబెట్టుకున్నాడు. దుకాణంలో తడి లేని మూలన బల్ల వేసి, దుప్పటి కప్పి, రోజూ పొద్దున దుప్పటి ఎత్తి చూసేవాడు. సారు బండ్లు అనేవాడు వాటిని. ఓనరు బండి చేతికిచ్చినప్పుడు డ్రైవరు ఎలా ఉంటాడో అలానే ఉన్నాడు. నాకు ఆ తీరు చూసి ధైర్యం వచ్చింది. అందుకే దసరా నాడు నేను ఇంట్లో లేను.

పండగైనా నెలాఖరు నెలాఖరే. గచ్చిబౌలిలో ఒక ఇల్లు ఆ పూటే ఖాళీ చేయాలన్నారు. పొద్దున్నే ట్రాలీ ఆటో మాట్లాడుకుని పోయాను. మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి దుకాణం షట్టరు సగం ఎత్తి ఉంది. లోపల నుంచి ఊదుబత్తి వాసన. మా ఆయన తెల్ల చొక్కా వేసుకుని నేల మీద కూర్చున్నాడు. ముందర పీట మీద కొబ్బరికాయ రెండు చిప్పలు, బంతిపూలు, పసుపు, కుంకుమ, జమ్మి ఆకు. ఆయన షెల్ఫులోని బండ్లన్నీ నేల మీద వరసగా నిలబడి ఉన్నాయి, బానెట్ల మీద గంధం, గంధం మీద కుంకుమ. వాటి పక్కన ఇంకో వరస. అవి తళతళ మెరుస్తున్నాయి.

ఆ మెరుపు చూశాక గాని నాకు గోడ పక్కన అట్టల దొంతర కనపడలేదు. బుడగలన్నీ బ్లేడుతో నీటుగా కోసి, అట్టలు వంగకుండా ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టాడు.

నేను వచ్చింది చూసి కూడా ఆయన పని ఆపలేదు. ఒక ఎర్ర కారు ముందు చక్రం కింద పచ్చి బఠానీ గింజ పెట్టి, మెల్లగా వేలితో ముందుకి తోశాడు. గింజ నలిగింది. నిమ్మకాయ ఈ బండ్లకి పెద్దదైపోతుంది కదా, అందుకని బఠానీలు తెచ్చుకున్నాడు.

ఎంత కోపమొచ్చినా, వస్తువు ఎదుటివాడి చేతిలో ఉన్నప్పుడు నేను అరవను. ఆ కారు ఆయన చేతి నుంచి తీసుకుని పక్కన పెట్టాను. ఇంకా విప్పని పెట్టెల మీద దుప్పటి కప్పాను. సగం పైనే విప్పాడు. డబ్బా లేని ఫోనుకి, కవరు చింపిన చీరకి ధర ఎంత దిగుతుందో నాకు తెలుసు.

"ఎందుకు విప్పినవ్?" అన్నాను.

"దసరా కదనే."

"నీ బండ్లకు చేసుకున్నవ్, బాగుంది. సారు బండ్లకెందుకు?"

ఆయన నన్ను వింతగా చూశాడు. "మన దగ్గర పెట్టి పోయిండు. మన చేతుల ఉన్న బండికి దసరా తప్పితే, రేపు ఏమన్నయితే ఎవరి మీదికొస్తది? డ్రైవరు మీదికే కదా."

"కవరు మీద పెట్టకపోయినవ్ బొట్టు."

"కవరుకు బొట్టేంది? బండికి పెట్టాలె."

ఆయన ఇన్నేళ్లు నడిపిన బండ్లలో సగం ఎవరెవరివో. ఏ దసరాకీ ఏ బండినీ వదల్లేదు. ఓనరు కొబ్బరికాయకి డబ్బులివ్వకపోతే తన జేబులోంచి పెట్టాడు. చేతిలో స్టీరింగు లేని మొదటి దసరా అది ఆయనకి. ఎలా గడుస్తుందోనని నేనే భయపడ్డాను. గడిచిన తీరు ఇది.

అప్పుడు కూర్చోబెట్టి చెప్పాను, ఈ బొమ్మల విలువంతా విప్పకపోవడంలోనే ఉందని. మొదట నమ్మలేదు. కామేశ్వరరావు గారు చెప్పిన ధర చెప్పాను. ఆయన చేతులు ఒళ్లో పెట్టుకుని చాలాసేపు ఆ వరసలనే చూశాడు. తర్వాత లేచి, తడిగుడ్డ తెచ్చి ఒక కారు బొట్టు తుడవబోయాడు. కుంకుమ ఇంకా పాకింది. గుడ్డ అక్కడ పడేసి పైకి వెళ్లిపోయాడు.

మర్నాడు పొద్దున నేనే పుణెకి ఫోను చేశాను. ఇలాంటివి ఎదుటివాడు కనిపెట్టాక చెబితే రెండింతలు కట్టాల్సి వస్తుంది. ఉన్నదున్నట్టు చెప్పాను.

"ఎన్నండీ?" అన్నాడు.

"సగం పైన సార్."

"అసలెందుకండీ?"

"దసరా కదా సార్."

శనివారం ఫ్లాటు తాళాలివ్వడానికి ఎలాగూ వస్తున్నానని, అప్పుడు చూద్దామని పెట్టేశాడు.

ఆ నాలుగు రోజులూ మా ఆయన కిందికి దిగలేదు. షెల్ఫు ఖాళీ. తన బొమ్మలన్నీ దసరా రాత్రే ఒక అట్టపెట్టెలో వేసి మెట్ల కింద పెట్టేశాడు. మాత్రలు మళ్లీ దిండు కింద చేరాయి. మంగలి షాపాయన ఏడీ అన్న అని అడిగితే ఒంట్లో బాగాలేదన్నాను. కామేశ్వరరావు గారికి ఎంత కట్టాల్సి వస్తుందో నాకు ఒక అంచనా ఉంది, అది తట్టుకోగలను. ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగితే దానికి మాత్రం నా దగ్గర అంచనా లేదు. కిందటిసారి ఒక తెల్ల వ్యాను దొరికింది. రెండోసారి ఏ పెట్టెలోనుంచి ఏం రావాలి?

శనివారం కామేశ్వరరావు గారు ఒక అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు తేజస్విని, నల్లగండ్లలో ఉంటుందట, ఈ కార్లు దాచుకునేవాళ్ల గ్రూపులో మనిషి. మొత్తం కొనడానికి ఒప్పుకున్నది తనే. నేను విప్పినవన్నీ బల్ల మీద పెట్టి ఉంచాను. ఏదీ దాచలేదు, ఏదీ తుడవలేదు.

కామేశ్వరరావు గారు ఒక్కొక్కటీ ఎత్తి చూసి కింద పెట్టాడు. ముఖం ఎర్రబడింది గాని గొంతు లేవలేదు. మా ఆయన్ని పిలవమన్నాడు. పిలిచాను. చెప్పులు కూడా లేకుండా దిగి వచ్చి మెట్ల దగ్గర నిలబడ్డాడు.

"పదేళ్ల నుంచి వీటిలో ఒక్కదాన్ని కూడా నేను ముట్టుకోలేదండీ," అన్నాడు కామేశ్వరరావు గారు.

"నాకు తెల్వలే సార్," అన్నాడు మా ఆయన. "ముట్టుకోకుంటే అది బండెట్లయితదో ఇప్పటికీ నాకు తెలుస్తలేదు. కానీ తప్పు నాదే."

"ఇవి బండ్లు కాదు. పీసులు."

"అయితే నాకు అప్పజెప్పకపోతుంటిరి సార్. నేను బండ్లు చూసుకునేటోన్ని."

అది పొగరుతో అన్న మాట కాదు. కామేశ్వరరావు గారికీ అది తెలిసినట్టే ఉంది. నేను మధ్యలో కుర్చీ వేసి బేరానికి దిగాను. ఎంతసేపు నిలబడి మాట్లాడుకున్నా చివరికి తేలాల్సింది అదే. విప్పనివి తేజస్విని తీసుకుంటుంది, వాటి మీద నా వాటా వదులుకుంటాను. విప్పినవి నేనే కొంటాను. ఆయన విప్పకముందు ధర అడిగాడు, నేను విప్పాక ధర చెప్పాను. విప్పాక ధర ఎంతుంటుందో తేజస్విని న్యాయంగా చెప్పింది, అందులో ఆమెకు లాభమూ లేదు, నష్టమూ లేదు. నడిమధ్యన ఆగాం. దసరా సీజనులో నాకు మిగిలింది పోయింది, అంతకు మించి పోలేదు.

ఇంతలో మా ఆయన మెట్ల కింద నుంచి తన అట్టపెట్టె మోసుకొచ్చి కామేశ్వరరావు గారి ముందు పెట్టాడు.

"ఇవి కూడా తీసుకోండి సార్. నా దగ్గరున్నవి ఇంతే."

కామేశ్వరరావు గారు వంగి చూశాడు. రంగు వెలిసిన ప్లాస్టిక్కు, తుప్పు పట్టిన రేకు, ఒక చక్రం తక్కువవి. ఆయనకి జాలి, విసుగు రెండూ వచ్చినట్టున్నాయి. "ఇవి నాకెందుకండీ," అన్నాడు.

తేజస్విని మాత్రం పెట్టె పక్కన నేల మీద కూర్చుంది. ఒక్కోటి తీసి చూస్తూ పోయి ఒకచోట ఆగింది. అది పసుపు రంగు నీళ్ల ట్యాంకరు. మందపు ప్లాస్టిక్కు, వెనక తిప్పితే తిరిగే చిన్న నల్లా, కింద ఉబ్బెత్తు అక్షరాల్లో బాలానగర్ అని ఉంది. కంపెనీ పేరు అరిగిపోయింది.

"అంకుల్, ఇది ఎక్కడ దొరికింది?"

"ఎర్రగడ్డల."

"మా గ్రూప్‌లో ఎవ్వరి దగ్గరా లేదు ఇది. హైదరాబాద్‌లో చేసిన బండ్లు అసలు ఎవరూ దాచలేదు. అమెరికావి, జపాన్‌వి నా దగ్గర మస్తున్నయి. మా ఇంటికి రోజూ వచ్చే ట్యాంకర్ మాత్రం లేదు." నా వైపు తిరిగింది. "ఎంతకిస్తారు ఆంటీ?"

"ఊకెనే తీసుకపో బిడ్డా," అన్నాడు మా ఆయన. పైకి వెళ్లిపోవడానికి అప్పటికే వెనక్కి తిరిగాడు.

నేను లెక్క వేసుకోవడానికి ఎక్కువసేపు పట్టలేదు. ఈ పిల్ల అడిగిన ధర ఇస్తుంది. ఒక్క బొమ్మకి ఎంతిచ్చినా అది ఒక పూట ఖర్చు. ఆ తర్వాత పెట్టెలో మిగిలినవి కూడా ఈయన ఎవరికో ఒకరికి ఊరికే ఇచ్చేస్తాడు. షెల్ఫులో ఫ్రిజ్ పెట్టుకోవచ్చు. మేడ మీద మనిషి పడుకునే ఉంటాడు. ఈ వ్యాపారంలో నేను చాలా ఏళ్ల నుంచి ఉన్నాను. అమ్మకూడని వస్తువు అమ్మి బాగుపడినవాళ్లని నేను చూడలేదు.

ఆమె చేతిలోంచి ట్యాంకరు తీసుకున్నాను.

"ఇది అమ్మేది కాదమ్మా. నమూనా. నీకు ఇంకోటి తెచ్చిస్తడు మా ఆయన."

తేజస్విని ముఖం వెలిగింది. "దొరుకుతుందా?"

"బాలానగర్ ఏమన్న విదేశమా? చేసినోళ్లు ఉంటరు, అచ్చు ఉంటది, పాత సరుకు ఏ మూలనన్న ఉంటది. ట్యాంకరొక్కటే కాదు, వీళ్లు ఇంకేమేం చేసిన్రో అన్నీ తెలుసుకుని చెప్తడు. నెంబరిచ్చి పో."

ఇచ్చింది. మా ఆయన మెట్ల మీద ఆగిపోయి నన్ను చూస్తున్నాడు. వాళ్లిద్దరూ వెళ్లాక కిందికి దిగి వచ్చాడు.

"నేనెప్పుడు చెప్పిన తెస్తనని?"

"నువ్వు చెప్పలే. నేను చెప్పిన. ఆర్డరు తీసుకున్న."

"నా వల్ల గాదు. నాకు కన్నూ లేదు, తెలివీ లేదు. చూసినవ్ కదా చేసింది."

"చూసిన. కట్టిన కూడా. ఇప్పుడు పికప్ పడ్డది. పోతవా, క్యాన్సిల్ అని ఆ పిల్లకు ఫోన్ చెయ్యమంటవా?"

ఆయన పైకి వెళ్లాడు. క్యాన్సిల్ అన్న మాట ఎక్కడ తగులుతుందో నాకు తెలుసు. జ్వరంతో, వానలో, మా అత్త పోయిన పదో రోజున కూడా ఒప్పుకున్న ట్రిప్పు వదలని మనిషి. ట్రిప్పు వద్దనుకున్న డ్రైవరు పొద్దున్నే చెప్పాలి, ఎక్కేవాళ్లని రోడ్డు మీద నిలబెట్టి చెప్పకూడదనేవాడు. నేను వేరే ఒక మంచం బేరంలో పడ్డాను.

ఆదివారం కదల్లేదు. సోమవారం కూడా టీ తాగి పడుకున్నాడు. నేను అడగలేదు. విప్పిన కార్లని మాత్రం ఆయన షెల్ఫులో పెట్టాను, తిన్నగా, మూతి గోడ వైపు పెట్టి. మధ్యాహ్నం నేను పైకి అన్నానికి వెళ్లి వచ్చేసరికి అన్నీ తిరిగి ఉన్నాయి, మూతులు బయటికి. బొట్లు అలాగే ఉన్నాయి.

మంగళవారం పొద్దున నేను షట్టరు ఎత్తుతుంటే షూ చప్పుడు వినిపించింది. గడ్డం గీసుకున్నాడు. గుడ్డసంచిలో ట్యాంకరు వేసుకుని, భూతద్దం జేబులో పెట్టుకున్నాడు. బాలానగర్‌కి ఏ బస్సు అని నన్ను అడిగాడు. ఈ ఊరి రోడ్లన్నీ నాకు చెప్పిన మనిషి నన్ను బస్సు నెంబరు అడిగాడు. నాకు తెలియదన్నాను. కనుక్కుంటా అని వెళ్లిపోయాడు.

ఆ రోజు రెండు బేరాలు వచ్చాయి. ఒకటి చెడగొట్టుకున్నాను. కొనేవాడు తొందరలో ఉన్నాడని తెలిసి కూడా తక్కువకి ఒప్పుకున్నాను. చేతిలో వస్తువు మీద కాక మనసు రోడ్డు మీద ఉంటే అంతే.

దీపాల వేళకి వచ్చాడు. షూ నిండా ఇనుప రజను, చొక్కాకి గ్రీజు మరక. సంచి దించి కాళ్లు కడుక్కుని అన్నం పెట్టమన్నాడు. తినే ముందు మాత్ర అడిగి వేసుకున్నాడు. నేను ట్యాంకరు దొరికిందా అని అడగలేదు. సంచి చూస్తే తెలుస్తూనే ఉంది, పొద్దున ఎంత ఉందో అంతే ఉంది.

తింటూ తనే చెప్పుకొచ్చాడు. షెడ్లన్నీ తిరిగాడట. అచ్చులు చెక్కేవాళ్లు ఇప్పుడు మందుల సీసాల మూతలకి, కార్ల విడిభాగాలకి చేస్తున్నారు, బొమ్మలు ఎవరూ చేయడం లేదు. ఒక టీ హోటలు ముసలాయన ట్యాంకరు చేతిలోకి తీసుకుని నల్లా తిప్పి చూసి గుర్తుపట్టాడు. అది చేసినాయన షెడ్డు ఎత్తేసి చాలా కాలమైంది. ఆ అచ్చు ఆయన బావమరిది పట్టుకుపోయాడని ఒకరు, తుక్కుకి వేశారని ఇంకొకరు. బావమరిది పటాన్‌చెరు వైపు ఉంటాడట. ఆయనొక్క ట్యాంకరే చేయలేదు. ఆర్టీసీ బస్సు చేశాడు, మున్సిపాలిటీ చెత్త లారీ చేశాడు, పైన లైటు వెలిగే పోలీసు జీపు చేశాడు. ఆ జీపు ఎవరింట్లోనో చింతల్‌లో ఉందని చెప్పారు.

"రేపు చింతల్ చూసుకుని ఎల్లుండి పటాన్‌చెరు పోత," అన్నాడు. "గల్లీ గల్లీ తిరగాలె. ఒక్క రోజుల తెమిలే పని కాదు."

"పో," అన్నాను.

చెయ్యి కడుక్కుని వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. ఏదో అడగాలని ఉంది గాని ఎలా మొదలుపెట్టాలో తెలియనట్టు కాసేపు తువ్వాలు మడత పెట్టాడు. వ్యాపారం మాట ఈయన నన్ను ఏనాడూ అడగలేదు.

"ఆ పిల్ల దగ్గర అడ్వాన్సు తీసుకున్నవా?"

"తీసుకోలే."

"గట్లెట్ల ఆర్డరు తీసుకున్నవే?" అన్నాడు నా మీద చిరాకు పడుతూ. "బస్సు కిరాయిలున్నయి, టీలున్నయి, జాడ చెప్పేటోనికి ఏమన్న ఇయ్యాలె. ఫోన్ చెయ్యి. ఇప్పుడే చెయ్యి."

ఫోన్ తీసి తేజస్విని నెంబరు కలిపాను. అవతల మోగుతుండగా ఆయన నా వైపు వంగి, మెల్లగా, జీపుకి వేరే పైసలని చెప్పమన్నాడు.